కారు వెనక కమాన్లు

"కమాను" అనే మాట పారశీకం నుంచి వచ్చింది. అక్కడ దానికి అర్థం విల్లు. ఉర్దూ చేయి పట్టుకుని మన ఊళ్లలోకి వచ్చి, వీధి మొగదల కట్టిన వంపు ద్వారానికీ, టాంగా కింద వుండే ఇనుప పట్టీల కట్టకూ, లారీ కిందా కారు కిందా వుండే కట్టకూ అన్నిటికీ తానే పేరై కూర్చుంది. బోధన్, కోటగిరి, బాన్సువాడ పక్కల "కమాన్లు కూసున్నయి" అంటే బడి మొహం చూడని ముసలమ్మకు కూడా బండి సంగతి అర్థమవుతుంది. తెలుగు పాఠం చెప్పుకు బతికేవాణ్ణి గనుక ధనుస్సు అనో చాపం అనో సవరించాలని నాలుక ఆరాటపడుతుంది గాని, గ్యారేజీకి వెళ్లి "నా కారు చాపము కుంగినది" అంటే మేస్త్రీ కారును వదిలేసి నన్ను పరీక్ష చేస్తాడు. కమాను అనే అందాం.

కారు ముందు భాగం నడిపేవాడిది, వెనక భాగం సంసారానిది. అమ్మమ్మ, పిల్లలు, పెళ్లి సామాను, పుట్టింటి నుంచి తెచ్చుకునే బియ్యం మూట, అన్నీ వెనకనే. అందుచేత వెనక కమాను మెత్తబడిన సంగతి నడిపే మగవాడికి ఆఖరున తెలుస్తుంది. మొదట తెలిసేది వెనక కూర్చున్న ఇల్లాలి నడుముకు. ఆమె చెబితే ఆయన "రోడ్డు బాగాలేదు" అంటాడు. రోడ్డు బాగాలేదన్నది నిజమే కావచ్చు, కాని ఆ రోడ్డు కోసమే గదా కమానును పెట్టింది!

కోటగిరి వారికి రోడ్ల గురించి ఇంకొకరు చెప్పాలా? అది నల్లరేగడి నేల. వానకు ఉబ్బుతుంది, ఎండకు నోరు తెరుస్తుంది. దాని మీద ఎంత చక్కగా తారు పరచినా నాలుగు కార్తెలు తిరిగేసరికి అలలు లేస్తాయి. 1931లో మంజీర మీద నిజాంసాగర్ కట్టడం పూర్తయి కాలవనీళ్లు వచ్చాయి. 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ పెట్టారు. ఆ తరువాత దశాబ్దాల పాటు ఈ దారుల మీద చెరకే చెరకు. ఎడ్లబళ్లు, టైరుబళ్లు, పిమ్మట ట్రాక్టరు ట్రాలీలు. బరువుబండి వెళ్లిన జాడలో తేలికబండి పడితే ఎలా వుంటుందో అనుభవించినవారికే తెలుసు. ఆ ఫ్యాక్టరీ 2002లో ప్రైవేటు యాజమాన్యం కిందికి వెళ్లి, 2015 డిసెంబరులో మూతబడింది. చాలా పొలాలు వరిలోకి మారాయి. గుంతలు మాత్రం పంట మార్చుకోలేదు.

కమాను చేసే పని చూడటానికి చిన్నదే. నాలుగైదు ఉక్కు పట్టీలు, పొడుగుది పైన, పొట్టిది కింద, ఒకదాని పొట్టన ఒకటి ఒదిగి వుంటాయి. నడుమ ఒక సెంటర్ బోల్టు వాటన్నిటినీ గుచ్చి పట్టుకుంటుంది. పొడుగు పట్టీ రెండు కొసలనూ గుండ్రంగా చుట్టి కన్నులు చేస్తారు. ముందు కన్ను కారు ఒంటికి బోల్టుతో కట్టి వుంటుంది. వెనక కన్ను మాత్రం ఉయ్యాల గొలుసుల్లాంటి రెండు పలకల మీద వేలాడుతుంది. దాన్ని షాకిలు అంటారు. బరువు పడగానే వంపు చదునవుతుంది, వంపు చదునైతే పొడుగు పెరుగుతుంది. ఆ పెరిగిన పొడుగు పోవడానికి తావు కావాలి గనుక ఆ ఉయ్యాల. కన్నుల లోపల రబ్బరు బుష్షులు. చక్రాల ఇరుసును తెచ్చి కట్ట నడుమన యూ బోల్టులతో బిగిస్తారు. ఇంతే కథ.

బరువుకు తగినంతే వంగుతుందన్న నియమాన్ని 1678లో రాబర్ట్ హుక్ అనే ఆంగ్లేయుడు అచ్చువేశాడు. 1804లో ఒబడయా ఇలియట్ అనే లండన్ బండ్ల తయారీదారు గుర్రపుబండికి ఇలాంటి వంపు కమాన్లు పెట్టి పేటెంటు పుచ్చుకున్నాడు. గుర్రం పోయి ఇంజను వచ్చినా కమాను అలాగే వుండిపోయింది. మన అంబాసిడరు 1957 నుంచి 2014 దాకా, అంటే దరిదాపు ఆరు దశాబ్దాలు, ఉత్తరపాడా కర్మాగారం నుంచి వెనక ఈ కమాన్లతోనే వచ్చింది. పద్మినీ కారుకూ అవే. మారుతీ ఓమ్నీకి, బొలెరోకు, ఊళ్లో కూరగాయలు మోసే చిన్న టెంపోలకూ వెనక అవే. కాబట్టి ఇది పాతకాలపు ముచ్చట అని పుట తిప్పేయకండి.

కోటగిరిలో నాకు పరిచయమున్న ఒక రిటైర్డు హెడ్మాస్టరుగారికి తెల్ల అంబాసిడరు వుంది. కొడుకు హైదరాబాదు నుంచి ఫోను చేసినప్పుడల్లా "అమ్మేయండి నాన్నా" అంటాడు. ఆయన అమ్మకపోవడానికి కారణం ప్రేమ కాదు. ఆయన భార్యకు మోకాళ్లు వంగవు. కొత్త చిన్న కార్లలోకి దిగబడి కూర్చోవాలి, అంబాసిడరు వెనక సీటు కుర్చీ ఎత్తున వుంటుంది. నెలకు రెండుసార్లు నిజామాబాదు ఆసుపత్రికి వెళ్లి రావాలి. ఇటీవల ఏడాదిగా కారు కుడివైపు వెనక కుంగి, ప్రతి గుంతకూ ఇరుసు వెళ్లి ఒంటికి కొట్టుకుంటున్నది. ఆ దెబ్బ ఆమె మోకాలి దాకా వస్తున్నది. పైగా రిజిస్ట్రేషన్ గడువు దగ్గరపడింది. మొదటి పదిహేనేళ్లయ్యాక అయిదేళ్లకోసారి కారును చూపించి తిరగరాయించుకోవాలి గదా. ఇలా ఒక పక్కకు ఒరిగిన బండిని ఏ ముఖంతో తీసుకెళ్లడం?

ఊరి కమ్మరి ఒక ఉపాయం చెప్పాడు. "సారూ, పట్టీలు కొలిమిల వెట్టి నాలుగు దెబ్బలేస్తే మళ్ల లేస్తయి. దినం పని." చవకైన మాట, నమ్మదగినట్టుగానే వుంటుంది. అప్పుడే పండక్కి వచ్చిన ఆయన బావమరిది అడ్డుపడ్డాడు. ఆర్టీసీ గ్యారేజీలో ముప్పై ఏళ్లు పానాలు తిప్పి రిటైరైన మనిషి. "బావా, గా కొలిమి ముచ్చట ఇడిచిపెట్టుండ్రి. అక్కను కూసుండబెట్టే బండి అది" అన్నాడు.

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. కమాను ఉక్కును తయారుచేసేటప్పుడు ఎర్రగా కాల్చి, నూనెలో చల్లార్చి, మళ్లీ అంతకన్న తక్కువ వేడికి తెచ్చి పదును నిలబెడతారు. దాని గుణమంతా ఆ పదునులో వుంది. కొలిమిలో ఒకచోట మాత్రం ఎర్రబార్చి కొడితే ఆ జానెడు మేర మామూలు ఇనుమై కూర్చుంటుంది. పట్టీ లేస్తుంది, నిజమే. కొద్ది రోజులకు తిరిగి కూర్చుంటుంది. లేదా, మెత్తబడ్డ చోటుకూ గట్టిగా వున్న చోటుకూ నడుమనున్న గీత దగ్గర ఒకనాడు విరుగుతుంది. కమ్మరి చేతి పనితనం మీద నాకు అపారమైన గౌరవం వుంది. నాగటి కర్రు ఆయన దగ్గరకే వెళ్లాలి, కమాను మాత్రం వెళ్లకూడదు. వంపు ఎక్కించడమే కావాలంటే లారీ కమాన్లు చేసే షాపులో కాల్చకుండా, చల్లగానే, మరమీద వంచుతారు. అలసిపోయిన ఉక్కుకు అదీ తాత్కాలికమే. కొత్త కట్ట దొరికితే కొత్తదే మేలు. అదీ జతగా, రెండు వైపులా. ఒక్కవైపే మార్చితే కుంటి కాలికి ఎత్తు చెప్పు తొడిగినట్లు వుంటుంది.

ఇంకొక ఉపాయం మన వాళ్లకు మహా ఇష్టం. "ఒక పట్టీ ఎక్కువ వేయించండి, గట్టిగా వుంటుంది." గట్టిగానే వుంటుంది, చిక్కంతా అక్కడే. అయిదు పట్టీల కట్టకు అలాంటిదే ఆరోది చేరిస్తే బిగువు సుమారు అయిదో వంతు పెరుగుతుంది. అంతవరకు సహించవచ్చు. కాని జీపుదో వ్యానుదో కాస్త దళసరి పట్టీలు దొరికాయని వేయించేవాళ్లున్నారు. లెక్క చూడండి: పట్టీ బిగువు దాని మందం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. 6 మిల్లీమీటర్ల పట్టీల స్థానంలో 7 మిల్లీమీటర్లవి పెడితే, 216కు బదులు 343. మందం పెరిగింది ఆరో వంతు, బిగువు పెరిగింది సగానికి పైగా! ఆ కారులో అయిదు బస్తాలు వేస్తే హాయిగా నడుస్తుంది. మోకాళ్ల నొప్పి మనిషిని కూర్చోబెడితే బల్లమీద కూర్చోబెట్టి బల్లను ఈడ్చినట్టు వుంటుంది.

సరే, కట్ట మార్చడమే అని తేలింది. ఇంట్లో చేసుకోవచ్చునా? చేసుకోవచ్చు. ఇద్దరు మనుషులుంటే, గట్టి నేల వుంటే, తొందర లేకపోతే. హెడ్మాస్టరుగారి బావమరిది రెండు రోజులు తీసుకున్నాడు. మొదటి రోజంతా ఆయన చేసిన పని బోల్టులకు కిరసనాయిలు పోసి చాయ్ తాగడం. నవ్వాను గాని, తుప్పు పట్టిన బోల్టు మీద బలం చూపితే బోల్టు తెగుతుంది, పానా జారి వేళ్లు చితుకుతాయి. తడిసి మెత్తబడ్డాక అదే వస్తుంది.

ఇక ఇంట్లో ఆడవాళ్లు కూడా వినవలసిన మాట ఒకటుంది. జాకీ ఎత్తడానికి మాత్రమే, నిలబెట్టడానికి కాదు. టన్నుకు పైగా తూగే బండిని ఒక్క జాకీ మీద వుంచి, "ఒక్క నిమిషం పని" అని కిందికి దూరిన మనిషికి ఆ నిమిషం చాలు. ఎత్తిన వెంటనే కారు ఒంటికింద, కమాను ముందు కన్నుకు కాస్త ముందుగా, రెండు వైపులా ఇనుప స్టాండ్లు పెట్టాలి. అవి లేకపోతే అడ్డంగా నిలువుగా పేర్చిన గట్టి కొయ్య దిమ్మలు. ఇటుకలు, సిమెంటు దిమ్మలు ఎంత మాత్రం పనికిరావు. ఇటుక నెమ్మదిగా వంగి హెచ్చరించదు, ఒక్కసారిగా పొడి అవుతుంది.

ఇందులో చాలామందికి తట్టని కిటుకు మరొకటుంది. వెనక చక్రాలతో నడిచే ఈ పాత కార్లలో హ్యాండ్ బ్రేకు వెనక చక్రాలనే పట్టుకుంటుంది. గేరులో వుంచినా ఆగేది వెనక చక్రాలే. రెండు వెనక చక్రాలూ గాలిలోకి లేచాక హ్యాండ్ బ్రేకు ఎంత గట్టిగా లాగి వున్నా, గేరు వేసి వున్నా కారును ఆపేది ఏదీ లేదు! అందుకని ఎత్తకముందే ముందు చక్రాలకు ముందూ వెనకా కొయ్య దిమ్మలు దిగగొట్టాలి. చక్రాల నట్లను కూడా చక్రం నేల మీద వున్నప్పుడే ఒక చుట్టు వదులు చేసుకోవాలి. ఎత్తిన బండి మీద నట్టుతో కుస్తీ పడితే బండి స్టాండు మీద నుంచి కదులుతుంది. పిల్లలను పెరట్లోకి రానివ్వకూడదు. కింద మనిషి వుండగా పైన ఇంకొకరు, ఏ పనీ చేయకుండా, చూస్తూ వుండాలి. హెడ్మాస్టరుగారి ఇంట ఆ పని ఆయన భార్యే కుర్చీ వేసుకుని చేసింది. తమ్ముడు కారు కిందికి వెళ్లబోయినప్పుడల్లా "స్టాండ్లు చూసుకున్నవా?" అని అడిగింది. అతను విసుక్కోలేదు.

విప్పడం గురించి ఎక్కువ చెప్పను. ఇరుసు కింద వేరే జాకీ పెట్టి దాని బరువు మోస్తూ, షాక్ అబ్జార్బరు కింది కొస వదిలించి, యూ బోల్టులు తీసి, షాకిలూ ముందు బోల్టూ లాగితే కట్ట చేతికి వస్తుంది. ఇరుసును మరీ కిందికి దింపితే బ్రేకు రబ్బరు గొట్టం సాగుతుంది, అది చూసుకోవాలి. పాత కట్టనే శుభ్రపరిచి పెట్టదలచుకున్నవారు సెంటర్ బోల్టు విప్పేముందు కట్టను క్లాంపుతో పట్టి బిగించాలి. ఒక్కో పట్టీ వంపు ఒక్కో రకం గనుక బోల్టు వదలగానే అవి ఎగిరి విడిపోతాయి. ముఖానికి తగిలితే కుట్లు తప్పవు.

బిగించడంలో వుంది అసలు విద్య. ముందు కన్ను బోల్టు, తరువాత షాకిలు ఎక్కించి, నట్లు వేళ్లతో తిప్పినంత మేరకే వుంచాలి. సెంటర్ బోల్టు తల ఇరుసు దిండులోని గుంటలో సరిగ్గా కూర్చోవాలి. కూర్చుందో లేదో వేలితో తడిమి చూడాలి, ఊహించకూడదు. యూ బోల్టులు పాతవి సాగి వుంటాయి గనుక కొత్తవి వేసి, నాలుగు నట్లనూ ఎదురుబొదురుగా కొంచెం కొంచెం బిగించుకు రావాలి. ఇంతవరకు అందరూ చేస్తారు. ఆ ఊపులోనే కన్నుల బోల్టులు కూడా చక్రాలు గాలిలో వేలాడుతుండగానే బిర్రుగా బిగించేస్తారు. పాడయ్యేది అక్కడే.

ఎందుకంటారా? కన్ను లోపలి రబ్బరు బుష్షు గిలకలాగా గిర్రున తిరిగే వస్తువు కాదు. బోల్టు బిగిస్తే దాని లోపలి భాగం పట్టుబడిపోతుంది. ఆ తరువాత కమాను కదిలినప్పుడల్లా రబ్బరు మెలి తిరిగి తిరిగి యథాస్థితికి వస్తుంది. మనం ఏ స్థితిలో బిగించామో అదే దానికి విశ్రాంతి స్థితి. వేలాడుతున్నప్పుడు బిగిస్తే వేలాడటమే దానికి విశ్రాంతి. బండి నేలకు దిగగానే రబ్బరు మెలిపడుతుంది. కారు షెడ్డులో నిలబడి వున్నా, రాత్రి మనం నిద్రపోతున్నా ఆ మెలి వదలదు. కొత్త కమాన్లు వేసినా కారు వెనక ఎత్తుగా, మొండిగా వుంటుంది. కొంతకాలానికి రబ్బరు చినుగుతుంది. అప్పుడు సామాను నాసి అనుకుని దుకాణదారును తిడతాం!

బావమరిది చేసిన పద్ధతి ఇది. చక్రాలు వేసి, స్టాండ్లు తీసి, కారును నేలకు దింపాడు. వెనక డిక్కీ మీద రెండు చేతులూ వేసి ఏడెనిమిది సార్లు నొక్కి వదిలాడు. కట్ట తన చోటు తాను చూసుకుంటుంది. ఆ తరువాత, బండి తన బరువు తాను మోస్తూ నిలబడి వుండగా, పక్కనుంచి చేయి పెట్టి కన్నుల బోల్టులు బిగించాడు. చేయి పట్టక అవస్థ పడ్డాడు, చెమటలు పట్టాయి. "ఎత్తి బిగిస్తే రెండు నిమిషాల పని గదా" అన్నాను. "రెండు నిమిషాలకే అయితది సారూ, ఆరు నెల్లకు మళ్ల ఇప్పుడు కూడ నేనే ఇప్పాలె" అన్నాడు.

తరువాత దారంతో సవరణ. దీనికి పెద్ద యంత్రాలు అక్కరలేదు. చదును నేల మీద చక్రం నడిబొడ్డు నుంచి పైనున్న మడ్‌గార్డు అంచు దాకా రెండు వైపులా కొలవండి. ఆ కారుకు పని మొదలుపెట్టేముందు కుడివైపు అంగుళంన్నర తక్కువ వుండేది, ఇప్పుడు తేడా పావు అంగుళం లోపే. అది లెక్కలోకి రాదు. ఇంకొక కొలత: ముందు చక్రాలు నిటారుగా వుంచి, ముందు చక్రం నడుమ నుంచి వెనక చక్రం నడుమ దాకా దారం లాగి, ఎడమకూ కుడికీ పోల్చాలి. అంబాసిడరుకు ఆ దూరం 97 అంగుళాలు. రెండు వైపులా ఒకటిగా లేకపోతే సెంటర్ బోల్టు గుంటలో కూర్చోలేదన్నమాట, లేదా తెగిందన్నమాట. ఇరుసు ఒక పక్కకు జరిగిన కారు ఎండ్రకాయలా ఓరగా నడుస్తుంది. వెనక వచ్చే బండివాడికి అది కనిపిస్తుంది, నడిపేవాడికి టైర్లు అరిగేదాకా తెలియదు.

పని అయిపోయిందని పానాలు కడిగి పెట్టేయకండి. కొత్త కట్టలో పట్టీలు ఒకదానిలో ఒకటి ఒదిగేకొద్దీ యూ బోల్టులు వదులవుతాయి. మూడు నాలుగు వందల కిలోమీటర్లు తిరిగాక మళ్లీ బిగించి చూడాలి. ఆసుపత్రికి నాలుగు ప్రయాణాలయ్యాక హెడ్మాస్టరుగారు చూపిస్తే, నట్లు పావు చుట్టు తీసుకున్నాయి. వదులైన యూ బోల్టు కిందనే సెంటర్ బోల్టు తెగుతుంది, ఇంకేచోటా కాదు. వానాకాలానికి ముందు ఒకసారి బ్రష్షుతో పట్టీల సందుల్లో మట్టి దులపడం కూడా మంచిది. పట్టీలు ఒకదాని మీద ఒకటి రాసుకోవడంలోనే కొంత ఊపు అణుగుతుంది. రేగడి మట్టి చేరి తుప్పు పట్టితే ఆ రాపిడి పట్టుగా మారుతుంది, కీచుమని చెబుతుంది కూడా.

కొత్త కారున్నవారికి ఒక మాట. వెనక కమాన్లు లేని కార్లలో ఇరుసు దూలాన్ని ఒంటికి కలిపేచోట రబ్బరు బుష్షులుంటాయి. చాలావాటికి కూడా నేలకు దింపిన తరువాతనే బిగించాలన్న నియమం వర్తిస్తుంది. గ్యారేజీకి ఇచ్చినా, "బండి కిందికి దింపాక బిగించావా?" అని ఒక్క ప్రశ్న అడగండి, తప్పులేదు. కాని ముందు చక్రాల దగ్గరున్న చుట్ట స్ప్రింగును విడదీసే పని మాత్రం ఇంట్లో పెట్టుకోవద్దు. దాన్ని నొక్కి పట్టి వుంచడానికి సరైన సాధనం, దాన్ని వాడిన చేయి, రెండూ వుండాలి. నొక్కి పట్టిన స్ప్రింగు జారితే తలకు తగిలేంత బలం అందులో వుంటుంది. బావమరిదిని ఆ సంగతీ అడిగాను. "గది గ్యారేజీల పని సారూ, ఇంటికాడ నేను గూడ జెయ్య" అన్నాడు.